తండ్రి సమాధియున్న లోయ

అమెరికా సంయుక్త రాష్ట్రములలో, ఆరెగాన్ రాష్ట్రపు ఈశాన్యమూలను, పర్వతముల నడుమ వలోవా యను లోయ కలదు. నీమీపూ జాతిలోని ఒక తెగకు తరతరములుగా అదియే నివాసభూమి. ఫ్రెంచివారు ఆ జాతిని నెజ్ పెర్స్ అని పిలిచిరి. 1840లో ఆ లోయలో జన్మించిన జోసెఫ్ నాయకుని స్వజాతి నామమునకు, కొండలమీదుగా దొరలిపోవు ఉరుమని అర్థము.

1855 నాటి ఒడంబడిక వలోవాను ఆ జాతివారికే ఉంచెను. కాని వారి భూములలో బంగారము బయటపడగా, 1863లో ప్రభుత్వము మరియొక ఒడంబడిక వ్రాయించి, పదింట తొమ్మిదిపాళ్ల నేలను పుచ్చుకొనెను. జోసెఫ్ తండ్రి దానిపై చేవ్రాలు చేయలేదు. 1871లో మరణించుచు, తన యెముకలున్న నేలను ఎన్నడును అమ్మవలదని కుమారుని కోరెను. ఆ మాట నిలుపుటకే జోసెఫ్ జీవితమంతయు వ్యయమయ్యెను.

1873లో అధ్యక్షుడు గ్రాంటు లోయలో కొంతభాగమును వారికి ప్రత్యేకించెను. రెండేండ్లకే ఆ ఉత్తరువు రద్దయ్యెను. 1877లో ముప్పది దినములలో లోయ విడువవలెనని సేనాపతి హోవర్డు ఆజ్ఞాపించెను. జోసెఫ్ యుద్ధమును కోరలేదు. కొందరు యువకులు కోపావేశమున వలసవారిని చంపుటతో అది తప్పనిదయ్యెను. వృద్ధులతో, పసిబిడ్డలతో ఆ జనము వేయిమైళ్లకు పైగా పయనించెను. కెనడా సరిహద్దు నలుబది మైళ్లున్నదనగా, అక్టోబరు 5న జోసెఫ్ లొంగిపోయెను. స్వస్థలమునకు పంపుదుమన్న వాగ్దానము నిలువలేదు. నేటి ఓక్లహోమా ప్రాంతమున జ్వరములకు అనేకులు బలియైరి. 1885లో అతనిని వాయవ్యమునకు రానిచ్చిరి గాని, వలోవాకు రానీయలేదు. కాల్విల్ అను పరాయి నేలపై ఉంచిరి.

1900లో జోసెఫ్ ఒక ప్రభుత్వాధికారితో వలోవాకు వెళ్లెను. అచట కొంత నేలకై అతడు చేసిన విన్నపము ఫలింపలేదు. తండ్రి సమాధిని చూడబోగా, ఒక శ్వేతజాతి రైతు దానిచుట్టు కంచె వేసి కాపాడుచుండెను. ఆ వృద్ధనాయకుడు అచట నిలిచి కన్నీరు కార్చెను. ఆ నేల ఎవరిదో ఆ కంచె ఒప్పుకొనెను, ప్రభుత్వము ఒప్పుకొనలేదు.

1904 సెప్టెంబరు 21న జోసెఫ్ కాల్విల్‌లోనే కన్నుమూసెను. ఆ లోయలో వలసవారు తమ పట్టణమునకు, అతడు ప్రవాసమున నుండగనే, జోసెఫ్ అని పేరిడిరి. పేరు నిలిచెను గాని నేల తిరిగి రాలేదు. 2020లో నెజ్ పెర్స్ జాతివారు ఆ పట్టణముచెంత 148 ఎకరములను వెలయిచ్చి కొనిరి. తండ్రి అమ్మవలదన్న నేలను మనుమలతరమువారు కొనవలసివచ్చెను. గౌరవించుట సులభము, తిరిగి యిచ్చినగాని ఋణము తీరదు.