ప్లేగు టీకా, 19 చావులు, తొక్కిపెట్టిన నివేదిక: వాల్డెమార్ హాఫ్కిన్ జీవితం

1902 అక్టోబరు 30. పంజాబ్‌లోని మల్కోవాల్ అనే ఊళ్లో ప్లేగు టీకాలు వేస్తున్నారు. ఆ ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. ఆ రోజు 107 మంది టీకా వేయించుకున్నారు. వారం తిరిగేసరికి వారిలో 19 మందికి ధనుర్వాతం లక్షణాలు కనిపించాయి. ఒక్కరూ బతకలేదు. ఆ 19 మందికీ ఒకే సీసాలోని మందు ఎక్కించారు. దాని మీద 53-ఎన్ అనే గుర్తు ఉంది. 41 రోజుల ముందు బొంబాయిలోని పరేల్ ప్రయోగశాలలో తయారైన సీసా అది.

ఆ ప్రయోగశాలను నెలకొల్పిన శాస్త్రవేత్త వాల్డెమార్ హాఫ్కిన్. అప్పటికే లక్షల మంది భారతీయులు ఆయన తయారుచేసిన టీకా వేయించుకున్నారు. ఆ 19 చావుల తర్వాత కొద్ది నెలలకే ఆయనకు జీతం ఆగిపోయింది.

హాఫ్కిన్ 1860లో రష్యా సామ్రాజ్యంలోని ఒక యూదు కుటుంబంలో పుట్టారు. ఒడెసా విశ్వవిద్యాలయంలో ఇల్యా మెచ్నికోవ్ శిష్యుడు. యూదుల ఇళ్ల మీద మూకలు విరుచుకుపడుతున్న రోజుల్లో ఆత్మరక్షణ దళంలో చేరి అరెస్టయ్యారు. చదువులో ఎంత ముందున్నా, మతం మార్చుకోనందుకు ప్రొఫెసర్ పదవి దక్కలేదు. 1888లో దేశం వదిలి జెనీవా వెళ్లారు. మరుసటి ఏడాది పారిస్‌లోని పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉద్యోగం దొరికింది. చేరింది శాస్త్రవేత్తగా కాదు, గ్రంథాలయంలో సహాయకుడిగా.

ఆ ఉద్యోగం చేస్తూనే ఖాళీ సమయంలో కలరా క్రిమిపై పనిచేశారు. ఆ క్రిమిని గినీ పందుల్లో ఒకదాని నుంచి మరొకదానికి 39 సార్లు మార్చి, దాని తీవ్రతను పెంచి, టీకా రూపొందించారు. 1892 జులై 18న మొదటి మోతాదు తనకే ఎక్కించుకున్నారు. జ్వరం వచ్చి తగ్గింది. ఐరోపా వైద్య ప్రముఖుల్లో చాలామంది మాత్రం నమ్మలేదు. అప్పుడు పారిస్‌లో బ్రిటిష్ రాయబారిగా ఉన్నది లార్డ్ డఫరిన్, అంతకుముందు భారత వైస్రాయ్. కలరాను ఎదుర్కోవాలంటే భారతదేశానికి వెళ్లమని ఆయనే సలహా ఇచ్చారు.

1893 మార్చిలో హాఫ్కిన్ కలకత్తాలో దిగారు. ఆయన వైద్యుడు కాదు, జంతుశాస్త్రం చదివినవాడు. ఆంగ్లేయుడు కాదు, రష్యన్ యూదుడు. వలస ప్రభుత్వపు వైద్య సర్వీసులో సైనిక వైద్యులదే పెత్తనం. వాళ్లకు ఈ రెండూ మింగుడుపడలేదు. బస్తీల్లోనూ అనుమానాలు తక్కువేం కాదు. జనం భయం పోగొట్టడానికి ఆయన, ఆయన వెంట ఉన్న భారతీయ వైద్యులు ముందుగా తమకే సూది వేసుకుని చూపించేవారు. 1894లో కలకత్తాలోని కట్టల్ బగాన్ బస్తీలో సుమారు 200 మందిలో 116 మంది టీకాకు ముందుకొచ్చారు. తర్వాత అక్కడ మళ్లీ కలరా సోకినప్పుడు టీకా వేయించుకున్నవారి జోలికి రాలేదు.

అయినా హాఫ్కిన్‌కు ఒక సందేహం ఉండేది. టీకా వల్లే బతికారా, లేక ఎలాగూ బతికేవారేనా? దాన్ని తేల్చాలంటే ఒకే ఇంట్లో, ఒకే తిండి తింటున్న మనుషుల్లో టీకా ఉన్నవారిని, లేనివారిని పక్కపక్కన పెట్టి చూడాలి. ఇవాళ కొత్త టీకాకు అనుమతి ఇచ్చే ముందు సాధారణంగా ఇలాంటి పోలిక చూస్తారు. అప్పట్లో ఆ పట్టుదల ఉన్నవాళ్లు అరుదు.

1896లో బొంబాయికి ప్లేగు వచ్చింది. ప్రభుత్వం హాఫ్కిన్‌ను అక్కడికి పంపింది. గ్రాంట్ మెడికల్ కాలేజీలో ఒక గది, ఒక వసారా, ఒక గుమస్తా, శిక్షణ లేని ముగ్గురు సహాయకులు. ఆయన చేతికి వచ్చింది అంతే. మాంసం రసంలో ప్లేగు క్రిమిని పెంచాలి. ఆవు మాంసం, పంది మాంసం అంటే జనం టీకా దరిదాపులకు రారు కాబట్టి మేక మాంసం వాడారు. పైన నెయ్యి చుక్కలు తేలనిచ్చారు. ఆ నేతి చుక్కలకు అతుక్కుని క్రిములు ఊడల్లా కిందికి వేలాడుతూ పెరిగేవి. తర్వాత వాటిని వేడిచేసి చంపి టీకా తయారుచేసేవారు. 1897 జనవరి 10న దాన్ని కూడా మొదట తన ఒంట్లోకే ఎక్కించుకున్నారు.

మరోపక్క ప్లేగు పేరుతో ప్రభుత్వం చేసినవి వేరే. సైనికులు ఇళ్లలోకి చొరబడి సోదాలు చేశారు, సామాన్లు తగలబెట్టారు, ఆడవాళ్లను బయటికి లాగి పరీక్షించారు. పుణెలో ప్లేగు కమిటీ అధికారి రాండ్‌పై చాపేకర్ సోదరులు కాల్పులు జరిపింది ఈ ఆగ్రహంతోనే. ఆ వాతావరణంలో ఇష్టమైతేనే టీకా అన్న పద్ధతి నిలబడిందంటే అది చిన్న విషయం కాదు. ఆగాఖాన్ స్వయంగా టీకా వేయించుకుని తన అనుచరులకు దారి చూపారు, ప్రయోగశాలకు తన భవనం ఇచ్చారు.

1898లో బరోడా దగ్గర ఉంఢేరా గ్రామంలో హాఫ్కిన్ కోరుకున్న పోలిక కుదిరింది. ప్రతి ఇంట్లో సగం మందికి టీకా వేశారు, మిగతా సగాన్ని వదిలేశారు. టీకా వేయించుకున్న 71 మందిలో ముగ్గురు చనిపోయారు. వేయించుకోని 64 మందిలో 26 మంది. ఇప్పటి నైతిక నియమాల ప్రకారం ఈ పరీక్షకు ఎన్నో అభ్యంతరాలు వస్తాయి. అయితే ఆ అంకెలను కాదనడం కష్టం. 1899లో ప్రయోగశాల పరేల్‌లోని పాత గవర్నర్ బంగళాకు మారింది.

మల్కోవాల్ ఘటన నాటికి పంజాబ్ నుంచి టీకా కోసం ఒత్తిడి విపరీతంగా ఉంది. లక్షల మోతాదులు కావాలి. తయారీ వేగం పెంచడానికి హాఫ్కిన్ ఒక మార్పు చేశారు. సీసాల్లో కార్బాలిక్ ఆమ్లం కలపడం మానేసి, వేడితోనే క్రిములను చంపే పద్ధతికి మారారు. పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో అప్పటికే ఉన్న పద్ధతే అది. విచారణ సంఘానికి ఈ మార్పు దొరికింది. బొంబాయి ప్రధాన న్యాయమూర్తి లారెన్స్ జెంకిన్స్ నేతృత్వంలోని ఆ సంఘం, సీసా మూత తీయకముందే అందులోకి ధనుర్వాతం క్రిమి చేరిందని తేల్చింది. అంటే తప్పు పరేల్‌దేనని. 1904లో హాఫ్కిన్ లండన్ వెళ్లిపోయారు.

ఆ సంఘం ముందుకు వచ్చిన సాక్ష్యంలోనే మరో సంగతి ఉంది. సీసా మూత తీసే ముందు సహాయకుడి చేతిలోంచి పటకారు నేల మీద పడింది. దాన్ని కార్బాలిక్ ద్రవంలో ముంచి తీసి, దాంతోనే మూత లాగారు. ధనుర్వాతం క్రిమి ఉండేది మట్టిలోనే. పైగా ఆ క్రిమి సీసాలో వారాల తరబడి పెరిగి ఉంటే దుర్వాసన కొట్టాలి. మూత తీసినప్పుడు అలాంటి వాసనేమీ లేదని టీకా వేసిన వైద్యుడు చెప్పారు. ఈ నివేదిక, సాక్ష్యాలు 1906 డిసెంబరు దాకా బయటికి రాలేదు. నాలుగేళ్లు! తన మీద ఉన్న ఆధారాలేమిటో లోకానికి చూపించి సమాధానం చెప్పుకునే అవకాశమే ఆయనకు లేకపోయింది.

కాగితాలు బయటపడ్డాక రంగంలోకి దిగింది రొనాల్డ్ రాస్. మలేరియా దోమ రహస్యాన్ని సికింద్రాబాద్‌లో ఛేదించి నోబెల్ అందుకున్న రాస్‌కు ఇండియాలోని అధికార యంత్రాంగం తీరు కొత్త కాదు. నింద ఇలాగే ఉంటే జనానికి టీకా మీదే నమ్మకం పోతుందని ఆయన వాదించారు. 1907 జులైలో ఆయనతో కలిపి పదిమంది శాస్త్రవేత్తలు లండన్‌లోని టైమ్స్ పత్రికకు లేఖ రాశారు. ఫ్రాన్స్‌లో డ్రేఫస్ అనే యూదు సైనికాధికారిపై వేసిన తప్పుడు నింద వీగిపోయింది ఆ ముందు ఏడాదే. హాఫ్కిన్ ఉదంతాన్ని చిన్న డ్రేఫస్ కేసు అన్నవాళ్లూ ఉన్నారు. ఆ ఏడాది చివరికి ప్రభుత్వం ఆయన మీద నింద తొలగించింది. అయితే ఈ వాదోపవాదాలన్నీ సీసా చుట్టూ, శాస్త్రవేత్త పరువు చుట్టూ తిరిగాయి. మల్కోవాల్‌లో పోయిన 19 మంది ఒక అంకెగానే మిగిలారు.

మళ్లీ ఇండియాకు వచ్చిన హాఫ్కిన్‌కు పరేల్ దక్కలేదు, అక్కడ ఖాళీ లేదన్నారు. కలకత్తాలో ఉద్యోగం ఇచ్చారు గానీ, మనుషులపై టీకా పరీక్షలు చేయనివ్వలేదు. తన పనిలో అసలైన భాగాన్నే ఆయన వదులుకోవాల్సి వచ్చింది. కొన్నేళ్లకు పదవీ విరమణ చేసి ఫ్రాన్స్ వెళ్లారు. పెళ్లి చేసుకోలేదు. చివరి కాలమంతా మతాచారాలకు, యూదు సమాజ సేవకు అంకితమయ్యారు.

1897 నుంచి 1925 వరకు బొంబాయి నుంచి 2.6 కోట్ల మోతాదుల ప్లేగు టీకా బయటికి వెళ్లింది. ఆయన తిరిగి అడుగుపెట్టలేకపోయిన పరేల్ ప్రయోగశాలకు 1925లో హాఫ్కిన్ ఇన్‌స్టిట్యూట్ అని పేరు పెట్టారు. అదే ప్రాంగణంలోంచి పుట్టిన హాఫ్కిన్ బయోఫార్మాకు 2021లో, హైదరాబాద్‌కు చెందిన భారత్ బయోటెక్ కోవాగ్జిన్‌ను తయారుచేసేందుకు అనుమతి వచ్చింది.

1930 అక్టోబరు 26న స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో హాఫ్కిన్ కన్నుమూశారు. తూర్పు ఐరోపాలోని యూదు మత పాఠశాలల కోసం అంతకు ఏడాది ముందే ఒక నిధి ఏర్పాటు చేసి, తన సంపాదనను దానికి రాసిచ్చారు.