ముక్తేశ్వరం కొండ మీంచి మన కొట్టం దాకా

2024 డిసెంబరు 9తో భారతీయ పశువైద్య పరిశోధన సంస్థకు 135 ఏళ్లు నిండాయి. నూరేళ్లు చల్లగా ఉండమని దీవించడం మన ఇళ్లలో ఆనవాయితీ. ఆ దీవెన ఏనాడో ఫలించి, దాని మీద మరో ముప్పై అయిదేళ్లు నిండుగా నడిచిన సంస్థ ఇది. ఇక ఆచంద్రతారార్కం వర్ధిల్లమనడమే తగిన మాట. ఉత్తరప్రదేశ్‌లో బరేలీని ఆనుకుని ఉన్న ఇజ్జత్‌నగర్‌లోని ఆ సంస్థలో చదువుకుని వచ్చి మన పశువుల ఆసుపత్రుల్లో, కళాశాలల్లో, టీకా తయారీ కేంద్రాల్లో జీవితం గడిపిన తెలుగు పశువైద్యుల తరఫున, ఆ చదువు ఫలాన్ని తమ కొట్టాల్లో చూసుకున్న పాడి రైతుల తరఫున, ఆ చదువుల తల్లికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

ఆ సంస్థ ఎందుకు పుట్టిందో తెలియాలంటే ముసర వ్యాధి అంటే ఏమిటో తెలియాలి. పెద్దరోగం అని కూడా అనేవారు. ఈ తరం రైతులు దాన్ని చూడలేదు. చూడకపోవడమే ఈ సంస్థ సాధించిన ఘనవిజయం. ఒళ్లు కాలిపోయే జ్వరం, కళ్లలోంచి ముక్కులోంచి కారే రసి, నోరంతా పుళ్లు, ఆగని పారుడు. వారం పది రోజుల్లో పశువు నేలకొరిగేది. ఒక పశువుతో ఆగేది కాదు, మందకు మంద తుడుచుకుపోయేది. ఎడ్లు పోతే దుక్కి ఆగేది, దుక్కి ఆగితే ఊరు పస్తుండేది. ఈ కష్టం దేశమంతటా ఎంత ఉందో విచారించిన పశురోగాల కమిషన్ 1871లో నివేదిక ఇచ్చింది. ఆ తరవాత పద్దెనిమిదేళ్లకు, 1889లో, పుణేలో ఇంపీరియల్ బ్యాక్టీరియొలాజికల్ లేబరేటరీ అనే పేరుతో ఈ సంస్థ వెలిసింది. ఆల్ఫ్రెడ్ లింగార్డ్ దాని తొలి సారథి.

ప్రాణాంతక క్రిములతో జనసమ్మర్దం మధ్య పని చేయడం ప్రమాదమని 1893లో ప్రయోగశాలను కుమావూ కొండల్లోని ముక్తేశ్వరానికి తరలించారు. సముద్ర మట్టానికి సుమారు 7,500 అడుగుల ఎత్తు. చుట్టూ దేవదారు చెట్లు, ఎదురుగా హిమాలయాల మంచు శిఖరాలు, పక్కనే శివాలయం. ఆ అడవుల్లో మనుషులను తిన్న పులి గురించి జిమ్ కార్బెట్ రాసిన కథ చదివినవారికి ఆ చోటు ఎలాంటిదో తెలుస్తుంది. అలాంటి చోట దీపం పెట్టుకుని పశువుల కోసం రాత్రింబవళ్లు శ్రమించారు వాళ్లు. క్షయ, కలరా క్రిములను పట్టి చూపిన రాబర్ట్ కోచ్ అంతటివాడు 1897లో తన సహచరులు ఫైఫర్, గాఫ్కీలతో కలిసి ఆ కొండెక్కి వచ్చాడు. లోకం నలుమూలలా పేరున్న శాస్త్రవేత్త మన పశువుల రోగం కోసం అంత దూరం వచ్చాడని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

అక్కడి నుంచి విజయపరంపర మొదలైంది. ముసరకు ప్రతిరక్షక సీరం తయారైంది. కానీ సీరం ఇచ్చే రక్షణ కొద్ది రోజులే, ఖర్చేమో ఎక్కువ. 1913లో కొండ దిగువన ఇజ్జత్‌నగర్‌లో రెండో కేంద్రం ఏర్పడి పనికి విశాలమైన మైదానం దొరికింది. 1920ల చివర్లో జె.టి. ఎడ్వర్డ్స్ అనే శాస్త్రవేత్త ముసర క్రిమిని మేకల్లో ఒకదాని తరవాత ఒకదానిలోకి వరసగా ఎక్కించుకుంటూ పోయాడు. అలా మేకల్లో తిరిగి తిరిగి ఆ క్రిమి మన ఎద్దులను చంపే శక్తిని పోగొట్టుకుంది, రక్షణ ఇచ్చే గుణాన్ని మాత్రం నిలబెట్టుకుంది. ఒక్కసారి వేస్తే ఏళ్ల తరబడి కాపాడే చవకైన టీకా పేద రైతు గుమ్మం ముందుకు వచ్చింది. మైదానాల నాటు పశువులకు అది వరప్రసాదం. కొండ పశువులకు, విదేశీ రక్తం కలిసిన సంకరజాతి ఆవులకు కాస్త కటువు కావడంతో వాటికి కుందేళ్లలో మెత్తబరిచిన టీకా వాడారు, ఆ తరవాత కణజాల వర్ధన టీకా వచ్చింది. మన పల్లెల్లో కొక్కెర తెగులు అని పిలిచే కోళ్ల రోగానికి రాణిఖేత్ వ్యాధి అని పేరు వచ్చింది కూడా ఆ కుమావూ కొండల్లోని ఊరి నుంచే. దాన్ని ఇక్కడ గుర్తించి, దానికి ముక్తేశ్వర్ స్ట్రెయిన్ అనే టీకా ఇచ్చిందీ ఈ సంస్థే. ఈ మధ్యలో పేర్లు మారుతూ వచ్చాయి. 1925లో ఒకసారి, 1936లో మరోసారి మారి, 1947లో దేశం స్వతంత్రమైనప్పుడు ఇప్పటి పేరు స్థిరపడింది. 1983లో విశ్వవిద్యాలయ హోదా దక్కింది.

ముసరను దేశం నుంచే తరిమేయాలని 1954లో జాతీయ కార్యక్రమం మొదలైంది. అయిదేళ్లలో నూటికి 80 పశువులకైనా టీకా వేయాలన్నది సంకల్పం. 1992లో ఆ పనికి రెట్టింపు ఊపు వచ్చింది. 1995లో తమిళనాడులో, మన చిత్తూరు జిల్లాకు సరిహద్దునున్న ఉత్తర ఆర్కాటు ప్రాంతంలో, రోగం చివరిసారి కనిపించింది. 2006లో భారతదేశం ముసర లేని దేశమని ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ ప్రకటించింది. 2011 మే 25న భూమండలం మొత్తానికే ఆ మాట చెప్పారు. మశూచి తరవాత మనిషి భూమ్మీద నుంచి తుడిచిపెట్టిన రెండో రోగం ఇదే. ఆ మహాయజ్ఞంలో మొదటి సమిధలు వేసినవాళ్లలో ముక్తేశ్వరం శాస్త్రవేత్తలు ఉన్నారు.

ఇంత ఘనతలోనూ నేను ప్రత్యేకంగా చెప్పదలచుకున్నది వేరే ఉంది. ఈ సంస్థ క్రిమిని ఎంత శ్రద్ధగా చదివిందో, క్రిమి గురించి తెలుసుకోవాల్సిన మనిషి మనసునూ అంత శ్రద్ధగా చదివింది. ఇజ్జత్‌నగర్‌లో విస్తరణ విద్యకు ప్రత్యేకంగా ఒక విభాగం ఉంది. రైతు కొత్త సంగతి ఎలా నేర్చుకుంటాడు, దేనికి భయపడతాడు, ఎవరి మాట నమ్ముతాడు, విన్నది ఎప్పుడు ఆచరిస్తాడు అన్నవే అక్కడి పరిశోధనాంశాలు. వ్యాధిశాస్త్రం చదివేవారు పక్క గదిలో సూక్ష్మదర్శిని మీద వంగి ఉంటే, వీళ్లు పల్లెల్లో అరుగుల మీద కూర్చుని ప్రశ్నలు అడిగేవారు. రెండు పనులూ పరిశోధనే అని ఆ సంస్థ గుర్తించింది.

పశువైద్య విద్యార్థులకు ఇద్దరు ఎడ్వర్డ్స్‌లు తెలుసు. మేకల టీకా కనిపెట్టిన జె.టి. ఎడ్వర్డ్స్ ఒకరు. మనిషి అభిప్రాయాలను కొలిచే తూనికలు ఎలా తయారుచేయాలో 1957లో పుస్తకం రాసిన అమెరికన్ మనస్తత్వవేత్త అలెన్ ఎడ్వర్డ్స్ మరొకరు. టీకా పట్ల రైతుల వైఖరిని కొలిచిన సిద్ధాంత గ్రంథాల్లో ఈ రెండో ఆయన పేరు తరచూ కనిపిస్తుంది. ఒకరు క్రిమి బలాన్ని తగ్గించారు, మరొకరు మనిషి మనసును తూచే దారి చూపారు. ఒక్క పేరుతో ఇద్దరు కావడం కాకతాళీయమే. పశువైద్యానికి మాత్రం ఇద్దరూ కావాలి.

ఈ చదువు విలువ నాకు తెలిసివచ్చింది ప్రకాశం జిల్లాలోని ఒక పల్లెలో. అప్పుడు ఉద్యోగంలో కొత్త. గాలికుంటు టీకా వేయడానికి ఐస్ పెట్టె పట్టుకుని వెళ్లి, రచ్చబండ దగ్గర వైరస్ గురించి అరగంట చెప్పాను. అందరూ బుద్ధిగా విన్నారు. మర్నాడు పశువును నిలబెట్టే ట్రెవిస్ దగ్గరికి తోలుకొచ్చినవి నాలుగంటే నాలుగు పశువులు. ఎందుకిలా అయిందో తెలియక వీధిలో నిలబడితే, పాక ముందు పేడ ఎత్తుతున్న ఒక పెద్దావిడ చెప్పింది.

“పోయినేడాది సూదేసిన కాడి నుంచి మా గేదె రెండ్రోజులు సరిగ్గా చేపలేదు నాయనా. మెడ మీద గడ్డ కట్టింది. పాలు ఇగిరిపోయాయేమో అని భయపడ్డాం. ముందే చెప్పి ఉంటే అంత బాధ ఉండేది కాదు.”

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. ఆ టీకాకు రెండు మూడు రోజులు పాలు తగ్గవచ్చు, సూది పడ్డ చోట వాపు రావచ్చు. తరవాత అంతా మామూలైపోతుంది. ఆ సంగతి నాకు తెలుసు. ఆవిడకు చెప్పాలని నాకు తోచలేదు. విస్తరణ విభాగంలో చదివిన పాఠాలు ఆ పాక ముందు నాకు ఒక్కసారిగా గుర్తొచ్చాయి. అక్షరజ్ఞానం లేని పెద్దవాళ్లకు నష్టం కళ్లముందు కనబడుతుంది, లాభం ఎప్పుడో రాబోయే మాట. వచ్చే నష్టాన్ని ముందుగా చెప్పి, అది ఎన్నాళ్లలో పోతుందో చెప్పినవాడినే వాళ్లు నమ్ముతారు. మరుసటి వారం పొద్దున పాలు తీశాక వెళ్లాను. “పెద్దమ్మా, ఎల్లుండి దాకా పాలు తగ్గుతాయి, బెంగపడకు” అని ముందే చెప్పాను. ముందు ఆవిడ గేదెకు, ఎదురింటివాళ్ల చూడి గేదెకు జాగ్రత్తగా సూది వేశాను. మూడో రోజు పాలు మళ్లీ చెంబు నిండాక వీధి వీధంతా పశువులు తోలుకొచ్చింది.

నేర్చుకునేవాడికి అప్పటికే ఏం తెలుసో దాని మీదే కొత్త చదువు నిలబడుతుందని విద్యా మనస్తత్వవేత్త డేవిడ్ ఆసుబెల్ 1968లో రాశాడు. మన రైతుకు అప్పటికే చాలా తెలుసు. పశువు నెమరు ఆపిందంటే ఒంట్లో బాగా లేదని డాక్టరు కంటే ముందు ఇంటి ఇల్లాలికి తెలుస్తుంది. రోగం వచ్చిన ఊరి పశువులను పొలిమేర దాటనీయకుండా వేపమండలు కట్టి ఊరికట్టు చేయడం మన పెద్దల ఆచారం. దాంట్లో భక్తీ ఉంది, రోగాన్ని కట్టడి చేసే తెలివీ ఉంది. ఆ ఊరికట్టు మీదుగానే కట్టడి శాస్త్రం చెబితే రైతుకు అది పరాయి చదువు అనిపించదు. ఆఫ్రికాలో ముసర చివరి ఆనవాళ్లను వెతికినప్పుడు కూడా, పశువుల కాపరులకు రోగాల గురించి తెలిసినదాన్నే శాస్త్రవేత్తలు ఆధారం చేసుకున్నారు, ఆ కాపరుల్లోంచే టీకాలు వేసేవాళ్లను తయారుచేశారు.

విద్యార్థులకు ఈ సంస్థ చేసిన మేలు కూడా అంతే గొప్పది. మన వైపు నుంచి వెళ్లిన పిల్లలకు డిసెంబరులో ఇజ్జత్‌నగర్ మొదట ఒక పరీక్ష. పొద్దెక్కినా పొగమంచు విడవదు, హిందీ నాలుక తిరగదు, హాస్టల్లో పప్పులోకి ఆవకాయ ఉండదు. అలాంటి పిల్లవాడు మొదటిసారి దొమ్మరోగంతో చచ్చిన పశువు రక్తపు చుక్కను గాజు పలక మీద పూసి, మిథిలిన్ బ్లూ రంగు వేసి, కన్ను కుదిర్చి చూస్తాడు. నీలిరంగు కడ్డీల చుట్టూ గులాబీ తెర. అది కంటపడ్డాక పుస్తకంలో నూరుసార్లు చదివినదంతా ఒక్క క్షణంలో సొంతమైపోతుంది. చేత్తో చేసి కంటితో చూసి నేర్చుకున్నది ముప్పై ఏళ్ల తరవాత కూడా మరుగున పడదు. తరాల తరబడి అలాంటి క్షణాలను వేలమందికి పంచిపెట్టిన గురువులందరికీ శతకోటి వందనాలు.

ఇటీవలి కాలం సంగతులూ తక్కువేం కావు. గొర్రెలు, మేకల్లో పారుడు రోగమని కాపరులు పిలిచే పి.పి.ఆర్.కు సుంగ్రి టీకా ఇచ్చింది ముక్తేశ్వరమే. కరోనా కాలంలో ఇజ్జత్‌నగర్ ప్రయోగశాల మనుషుల నమూనాలను పరీక్షించింది. 2022లో ముద్దచర్మ వ్యాధి దేశాన్ని కుదిపేసినప్పుడు హిస్సార్ గుర్రాల పరిశోధన కేంద్రంతో కలిసి లంపీ ప్రొవాక్ ఇండ్ టీకాను తెచ్చింది.

నిత్య కల్యాణం, పచ్చ తోరణంలా ఆ ప్రాంగణం వర్ధిల్లాలి. కొత్తగా చేరే ప్రతి విద్యార్థీ అక్కడ క్రిమితోపాటు మనిషినీ చదవాలి. గాలికుంటును 2030 నాటికి నిర్మూలించాలని దేశం పూనుకుంది. పి.పి.ఆర్.ను అదే ఏడు నాటికి లోకం నుంచి పంపేయాలని ప్రపంచ సంస్థలు సంకల్పించాయి. ముసరను పంపిన చేతులకు ఇవి అసాధ్యం కావు. ఆ కబురు వచ్చిన రోజున ప్రకాశం జిల్లా పల్లెలోని ఆ వీధికి మళ్లీ వెళ్లాలని నా కోరిక. ఆనాడు సూది వేసి బయలుదేరుతుంటే ఆ పెద్దావిడ, “ఈసారి వచ్చేముందు కూడా ఇట్టాగే చెప్పి రా నాయనా” అంది. ఈసారి చెప్పడానికి మంచి కబురు ఉంటుంది.