కాటన్ దొర గోడ మీద గాలం

పుష్యమాసపు చలిలో పర్ణశాల వెళ్ళి వస్తూ దుమ్ముగూడెం ఆనకట్ట దగ్గర ఆగాం. వరదల కాలం పోయి గోదారి తేటగా, సన్నగా ఉంది. రాళ్ళ మీద నలుగురు మగవాళ్ళు తలకి తువ్వాళ్ళు చుట్టుకుని, గాలాలు వేసుకుని కూచున్నారు. ఏటికి అడ్డంగా ఈ గోడ ఎవరు కట్టించారని మా అమ్మాయి అడిగింది. కాటన్ దొర ఆలోచనేనమ్మా అన్నాను. ఆయనది ధవళేశ్వరం కదా అని నన్నే దిద్దబోయింది!

ధవళేశ్వరం సంగతి అందరికీ తెలిసిందే. 1803లో ఇంగ్లండులో పుట్టిన ఆర్థర్ కాటన్ 1821లో మద్రాసు వచ్చాడు. ముందు కావేరి మీద పనిచేశాడు. ఆరోగ్యం చెడి టాస్మానియా వెళ్తే అక్కడే ఎలిజబెత్‌తో 1841లో పెళ్ళయింది. డొక్కల కరువులో జనం రాలిపోయిన గోదావరి సీమలో 1847లో ఆనకట్ట మొదలుపెట్టి 1852కల్లా నీళ్ళు నిలబెట్టాడు. డెల్టా వాళ్ళ కంచంలో అన్నం ఆయన చలవే.

మా అడవి వైపు కథ మాత్రం ఎవరూ చెప్పరు. రైళ్ళ కన్నా కాలవలే మేలని నమ్మిన మనిషాయన. నాగపూరు వైపు పండే పత్తిని పడవల మీద సముద్రం దాకా దింపాలని కలగన్నాడు. దారిలో రాళ్ళూ, సుడులూ అడ్డం. వాటిని దాటించడానికే దుమ్ముగూడెంలో ఈ ఆనకట్ట, పక్కన పడవల కాలవ. హేగ్ అనే ఇంజనీరు దగ్గరుండి చేయించాడు. ఏళ్ళు గడిచాయి, ఖర్చు పెరిగింది. 1871లో సర్కారు చాలించుకోమంది. దొర మాత్రం పంతం వదల్లేదు. ముసలితనంలోనూ కాలవల కోసం వాదిస్తూనే 1899లో, 96 ఏళ్ళ వయసులో కన్నుమూశాడు. మరుసటి ఏడు ఆయన జీవితాన్ని పుస్తకంగా తెచ్చింది కూతురే.

గాలం వేసిన ఒకాయన్ని పులస పడుతుందా అని అడిగాను. ఆయన పకపకా నవ్వాడు. సముద్రం నుంచి వరదకి ఎదురీదే ఆ చేప ధవళేశ్వరం గోడ దగ్గరే ఆగిపోతుందట. అంటే దొర అక్కడ అన్నం పెట్టి, ఇక్కడ మన కూర ఆపాడన్నమాట! పుస్తెలమ్మైనా పులస తినాలన్నది ఎవరోగానీ మగవాడే అయ్యుంటాడు. అమ్మేది మన పుస్తెలేగా.

అంతలో ఆయన గాలానికి చెయ్యెడు వాలుగ పడింది. బేరమాడి కొన్నాను. సంచీ నేనే పట్టుకుంటానంది మా అమ్మాయి. అది కొట్టుకున్నప్పుడల్లా కెవ్వుమంటూనే భద్రాచలం దాకా వదల్లేదు.