కోటు గుండీలే కొలబద్దగా.. బాలకార్మికుల వెతలకు చెరగని సాక్ష్యం
పరిశోధనే ప్రాణంగా ఛాయాచిత్రాలు తీసిన లూయిస్ హైన్

అమెరికాలో 1900 నాటి జనాభా లెక్కల ప్రకారం 10 నుంచి 15 ఏళ్ల లోపు బాలబాలికల్లో సుమారు 17.5 లక్షల మంది ఏదో ఒక పనిలో మగ్గుతున్నారు. నూలు మిల్లుల్లో, బొగ్గు గనుల్లో, గాజు కార్ఖానాల్లో బాల్యం కరిగిపోతున్నా యజమానులు మాత్రం తమ వద్ద పసివారెవరూ లేరని బుకాయించేవారు. ఆ బుకాయింపును ఊరు, పేరు, వయసు, తేదీలతో సహా తిప్పికొట్టిన ఘనుడు లూయిస్ హైన్. డాక్యుమెంటరీ ఛాయాగ్రహణానికి సామాజిక పరిశోధన పద్ధతులను జోడించిన తొలితరం ప్రముఖుల్లో ఆయన ఒకరు. జర్నలిజం, ఫొటోగ్రఫీలలో పీజీ చేస్తున్న విద్యార్థులకు ఆయన జీవితం నేటికీ ఓ పాఠ్యగ్రంథమే.

కార్ఖానా నుంచి కళాశాలకు..
విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఆష్‌కాష్ పట్టణంలో 1874 సెప్టెంబరు 26న హైన్ జన్మించారు. 1892లో తండ్రి ప్రమాదవశాత్తు మరణించడంతో కుటుంబ భారం ఆ యువకుడి భుజాలపై పడింది. కుర్చీలు, సోఫాలు తయారుచేసే కార్ఖానాలో రోజుకు 13 గంటలు, వారానికి ఆరు రోజులు పనిచేస్తే దక్కింది నాలుగు డాలర్లే. ఇతరుల కష్టాన్ని చిత్రించడానికి ముందే ఆ కష్టం రుచి ఆయనకు తెలుసు. చిన్నాచితకా కొలువులు చేస్తూనే చదువు కొనసాగించారు. ఉపాధ్యాయ శిక్షణ సమయంలో పరిచయమైన ఫ్రాంక్ మానీ ఆయనకు మార్గదర్శి అయ్యారు. షికాగో విశ్వవిద్యాలయంలో కొంతకాలం చదివిన హైన్, 1901లో న్యూయార్క్ చేరి ఎథికల్ కల్చర్ స్కూలులో ఉపాధ్యాయుడిగా చేరారు. 1905లో న్యూయార్క్ విశ్వవిద్యాలయం నుంచి బోధనాశాస్త్రంలో మాస్టర్స్ పట్టా పొందారు. అనంతరం కొలంబియా విశ్వవిద్యాలయంలో సామాజిక శాస్త్రం అభ్యసించారు.

కెమెరాను ఆయన చేతికిచ్చింది ఆ పాఠశాలే. బోధనకు అదొక సాధనం కావాలన్నది మానీ ఆలోచన. 1904 నుంచి ఎలిస్ దీవికి వెళ్లి, ఓడలు దిగుతున్న వలసదారులను హైన్ చిత్రించారు. 1907-08లో జరిగిన పిట్స్‌బర్గ్ సర్వే ఆయన దృక్పథానికి పదును పెట్టింది. ఉక్కు నగరంలోని కార్మికుల వేతనాలు, ఇళ్లు, ప్రమాదాలను పరిశోధకులు లెక్కలు కట్టి నమోదు చేస్తుండగా, వారితో కలిసి హైన్ ఛాయాచిత్రాలు తీశారు. అంకెలు, చిత్రాలు ఒకదానికొకటి తోడైతేనే వాదన నిలుస్తుందని అక్కడ గ్రహించారు.

జేబులోనే నోటు పుస్తకం
1904లో ఏర్పడిన జాతీయ బాలకార్మిక కమిటీ తరఫున 1908లో ఆయన పూర్తిస్థాయి ఛాయాగ్రాహకుడయ్యారు. ఉపాధ్యాయ ఉద్యోగం వదిలి ఊరూరా తిరిగారు. మిల్లుల్లోకి కెమెరాను రానిచ్చేవారు కాదు. కాపలాదారుల బెదిరింపులూ తప్పేవి కావు. అందుకే అగ్నిమాపక తనిఖీ అధికారిగా, బైబిళ్లు అమ్మేవాడిగా, యంత్రాల ఫొటోలు తీసేవాడిగా వేషాలు మార్చి లోనికి ప్రవేశించేవారు. ఎలాగూ లోపలికి వెళ్లలేనప్పుడు పనివేళలు మొదలయ్యే, ముగిసే సమయాల్లో గేటు బయటే నిలబడి వచ్చేపోయే పిల్లలను చిత్రించేవారు.

లోనికి వెళ్లడానికి మారువేషమే అయినా, నమోదులో మాత్రం నిక్కచ్చిగా వ్యవహరించారు. కోటు గుండీలు నేల నుంచి ఎంత ఎత్తులో ఉన్నాయో ముందే కొలిచి పెట్టుకుని, పక్కన నిలబడిన బాలుడి ఎత్తును వాటితో అంచనా వేసేవారు. జేబులో దాచిన నోటు పుస్తకంలో చూడకుండానే వివరాలు రాసుకునేవారు. పేరు, వయసు, ఎత్తు, చేస్తున్న పని, కూలి, ఎంతకాలంగా చేస్తున్నదీ అడిగి తెలుసుకునేవారు. వయసుపై అనుమానం వస్తే కుటుంబ బైబిలులో రాసుకున్న జన్మదినాలను, బీమా పత్రాలను పరిశీలించేవారు. ప్రతి చిత్రానికీ ఊరు, తేదీ, మిల్లు పేరుతో క్యాప్షన్ జతచేసేవారు.

1908లో దక్షిణ కరోలినాలోని లాంకస్టర్ నూలు మిల్లులో చిత్రించిన సేడీ ఫైఫర్ అనే బాలిక ఎత్తు 48 అంగుళాలేనని ఆయన నమోదు చేశారు. బారుగా సాగిన యంత్రాల వరుస పక్కన ఆ చిన్నారిని చూసిన వారికి వేరే వ్యాఖ్యానం అవసరం లేకపోయింది. 1911లో పెన్సిల్వేనియాలోని సౌత్ పిట్‌స్టన్‌లో, బొగ్గులో కలిసిన రాళ్లను ఏరే బాలురను దుమ్ము కమ్మిన చీకటిలో చిత్రించారు.

ఒక పేరు వెనుక..
1910లో వెర్మాంట్‌లోని నార్త్ పౌనల్ నూలు మిల్లులో తీసిన బాలిక చిత్రం ఆయన రచనల్లో సుప్రసిద్ధం. ఆ బాలికకు పదేళ్లేనని తోటివారు చెప్పగా, తనకు పన్నెండేళ్లని ఆమె చెప్పింది. హైన్ రెండింటినీ నమోదు చేశారు. తనకు అనుకూలమైన అంకెను మాత్రమే ఏరుకోకపోవడంలోనే ఆయన పరిశోధకుడి నిజాయితీ కనిపిస్తుంది. అమెరికా తపాలా శాఖ 1998లో ఆ చిత్రంతో బిళ్ల విడుదల చేసింది. అయితే ఆ బాలిక చాలాకాలం లెయిర్డ్ అనే తప్పు ఇంటిపేరుతోనే ప్రచారంలో ఉంది. 2000 తర్వాత కొందరు పరిశోధకులు జనాభా లెక్కల పత్రాలు గాలించి, ఆమె అసలు పేరు అడ్డీ కార్డ్ అని తేల్చారు. ఊరి పేరు, మిల్లు పేరు హైన్ రాసి ఉంచబట్టే దాదాపు శతాబ్దం తర్వాత కూడా ఆ ఆచూకీ దొరికింది.

చట్టం దిశగా..
ఆయన చిత్రాలు పత్రికల్లో, కరపత్రాల్లో, ప్రదర్శనల్లో దేశమంతా తిరిగాయి. ఎందరో సంస్కర్తల కృషికి అవి ఊతమిచ్చాయి. 1912లో కేంద్ర ప్రభుత్వం బాలల విభాగాన్ని ఏర్పాటు చేసింది. 1916లో వచ్చిన కీటింగ్-ఓవెన్ చట్టాన్ని 1918లో సుప్రీంకోర్టు కొట్టివేసింది. చివరకు 1938లో న్యాయమైన శ్రమ ప్రమాణాల చట్టం బాలకార్మిక వ్యవస్థకు దేశవ్యాప్తంగా కళ్లెం వేసింది.

హైన్ మాత్రం 1918లోనే కమిటీని వీడి, రెడ్‌క్రాస్ తరఫున ఐరోపా వెళ్లారు. 1930-31లో ఎంపైర్ స్టేట్ భవన నిర్మాణాన్ని, ఆకాశం అంచున పనిచేసే కార్మికుల సాహసాన్ని చిత్రించారు. 1936-37లో జాతీయ పరిశోధన ప్రాజెక్టుకు ప్రధాన ఛాయాగ్రాహకుడిగా పనిచేశారు.

విషాదాంతం
చివరి రోజుల్లో పని దొరకలేదు. వ్యవసాయ భద్రతా సంస్థ ఫొటో విభాగంలో అవకాశం కోసం ప్రయత్నించినా ఫలించలేదు. అప్పుల పాలై సొంత ఇంటిని కోల్పోయారు. 1939లో బెరెనిస్ ఆబట్, ఎలిజబెత్ మెకాస్లండ్ చొరవతో న్యూయార్క్‌లో ప్రదర్శన జరిగినా పేదరికం వీడలేదు. ఆ ఏడాది డిసెంబరులో భార్య సారా కన్నుమూశారు. 1940 నవంబరు 3న 66 ఏళ్ల వయసులో హైన్ తుదిశ్వాస విడిచారు.

బాలకార్మిక కమిటీకి చెందిన 5,100కు పైగా చిత్రాలు నేడు వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో భద్రంగా ఉన్నాయి. వాటితోపాటు ఆయన రాసిన క్యాప్షన్లూ ఉన్నాయి. తమ తాత ముత్తాతల పేర్లు వెతుక్కుంటూ ఆ పుటలు తిరగేసేవారు ఇప్పటికీ ఉన్నారు.