కాందిశీకుల సభ్యురాలు

కాందిశీకుల బాధ యెట్టిదో హైదరాబాదు సంస్థానపు ప్రజలకు వేరుగ చెప్పనక్కరలేదు. 1947-48లో రజాకారుల దౌర్జన్యమునకు తాళజాలక యెందరో యిల్లువాకిళ్లు విడిచి సరిహద్దు దాటిరి. ఓటులేని అట్టివారి తరఫున శాసనసభలలో పలుకువారెవరు? ఈ ప్రశ్నయే ఇబ్రహీంపట్నమునందున్న మాకు ఒక ఆంగ్లవనితను స్మరణకు తెచ్చినది.

ఎలియనార్ రాత్‌బోన్ 1872లో లండనున జన్మించెను. ఆక్స్‌ఫర్డున చదివి, 1909లో లివర్‌పూల్ నగరసభకు ఎన్నికైన తొలి మహిళయయ్యెను. 1929లో కొన్ని ఆంగ్ల విశ్వవిద్యాలయముల పట్టభద్రుల స్థానమునుండి కామన్సు సభ ప్రవేశించి, మరణపర్యంతము ఏ పక్షమునను చేరక స్వతంత్రురాలుగనే యుండెను. పక్షబలము లేని సభ్యునకు మిగులునది ప్రశ్నయొక్కటియే. ఆమె దానినే ఆయుధముగ చేసికొనెను.

1938 అంత్యమున ఆమె పూనికచే పార్లమెంటు సభ్యుల కాందిశీకసంఘము ఏర్పడెను. 1940లో జర్మను దండయాత్ర భయముచే బ్రిటిషు ప్రభుత్వము, నాజీల బారినుండి తప్పించుకొని వచ్చినవారిని సైతము శత్రుదేశీయులని పేర్కొని శిబిరములలో నిర్బంధించెను. నిర్బంధితులు సుమారు 27,000. దేశమంతయు కంపించుచున్న ఆ దినములలో వారి పక్షమున నిలుచుట సామాన్యసాహసము కాదు. ఆమె హైటన్ శిబిరమును స్వయముగ చూచి వచ్చెను. జూలై 10వ తేదీ చర్చలో మరికొందరు సభ్యులతో గూడి ప్రభుత్వమును నిలదీసెను. ఆ నెలాఖరుననే విడుదల నిబంధనలు వెలువడెను.

ఆమె ప్రతిసారియు నెగ్గలేదు. యూదుల సామూహికసంహారమును మిత్రరాజ్యములు 1942 డిసెంబరులో లోకమునకు చాటియు, వారికి తలుపు తెరచుటకు వెనుకాడెను. 1943 ఏప్రిలునాటి బెర్ముడా సమావేశమువలన ఫలితము దాదాపు శూన్యము.

ఈమెతో మనకు పేచీ లేకపోలేదు. 1941లో భారతీయులు యుద్ధమునకు తోడ్పడరైరని నిందించుచు ఆమె బహిరంగలేఖ వ్రాసెను. నెహ్రూ అప్పుడు చెరసాలలో నుండెను. రుగ్ణశయ్యనుండి రవీంద్రకవి ఘాటుగ బదులిచ్చెను. పరదేశీయుల చెరను చూచి కరగిన హృదయము మన నాయకుల చెరను చూచి అంతగా కరగలేదని మా ఆక్షేపణ. అంతమాత్రమున ఆమె చేసిన మేలు కల్ల కాదు.

చిరకాలము ఆమె కీర్తి 1945నాటి కుటుంబభృతి చట్టముతోనే ముడిపడియుండెను. సుసాన్ పెడర్సన్ 2004లో సమగ్రచరిత్ర వెలువరింపగా, సుసాన్ కోహెన్ 2010లో ఆమె కాందిశీకసేవనే ప్రత్యేకముగ పరిశోధించి గ్రంథము ప్రకటించెను. రాత్‌బోన్ 1946 జనవరి 2న కన్నుమూసెను. ఆమె కూర్చుండిన పట్టభద్రుల స్థానము 1948 చట్టముచే రద్దై 1950లో అంతరించెను.