దామెర్ల రామారావు

రాజమహేంద్రవరము ఆదికవి నన్నయభట్టారకుడు భారతాంధ్రీకరణమునకు పూనుకొనిన పుణ్యస్థలము. ఆ పట్టణముననే 1897వ సంవత్సరము మార్చి 8వ తేదీన దామెర్ల రామారావు జన్మించెను. కావ్యరచనకు ప్రసిద్ధికెక్కిన ఆ తావు ఆయన మూలమున చిత్రరచనకును నెలవయ్యెను.

బాల్యమునుండియు రామారావునకు బొమ్మలు గీయుటయందు ఆసక్తి మెండు. గోదావరీతీరమున కన్నులు గలవానికి చూడదగిన దృశ్యములు కొల్లలు. తెరచాప పడవలు, స్నానఘట్టములు, నీటికడవలతో నడచు స్త్రీలు, దూరమున నీలముగ కనిపించు కొండలు నిత్యము కన్నులయెదుట నిలుచును. కాని, ఆ కాలమున చదువనగా పాఠములను వల్లించి, పరీక్షలలో నెగ్గి, కొలువు సంపాదించుటయే యని పెక్కుమంది తలచుచుండిరి. చిత్రలేఖనము పొట్టకూటికి పనికిరాదనియు, చదువునకు విఘాతమనియు పెద్దలు భావించు దినములవి. అట్టి తరుణమున ఆ బాలుని ప్రజ్ఞను గుర్తింపగల గురువు లభించుట ఆంధ్రుల భాగ్యము.

ఆ గురువు ఆస్వాల్డ్ కూల్డ్రే యను ఆంగ్లేయుడు. ఆయన రాజమహేంద్రవరము ప్రభుత్వ కళాశాలకు ప్రధానాచార్యుడుగ నుండెను. స్వయముగ కవి, చిత్రకారుడు. ఏ విద్యార్థి మనస్సు దేనియందు లగ్నమగునో కనిపెట్టి, దానినే పెంపొందించుట తన ధర్మమని ఆయన యెంచెను. పరదేశీయుడయ్యును ఆయన తన శిష్యులను వారి దేశపు కళలవైపునకే మరల్చెను. అడివి బాపిరాజు, కవికొండల వేంకటరావు మున్నగువారును ఆయన శిష్యులే. కూల్డ్రే రామారావునకు కుంచె పట్టుట నేర్పి, అజంతా చిత్రముల గొప్పతనమును తెలియజెప్పి, పిదప 1916లో ఆ యువకుని బొంబాయిలోని జె. జె. కళాశాలకు పంపెను.

బొంబాయిలో రామారావు పాశ్చాత్యరీతిని శ్రద్ధతో అభ్యసించెను. శరీరనిర్మాణమును, వెలుగునీడలను, రంగుల మేళవింపును చక్కగ తెలిసికొనెను. అయినను అనుకరణముతో తృప్తి చెందలేదు. అజంతా గుహలలోని రేఖాలాలిత్యమును తాను నేర్చిన నూతనపద్ధతులతో మేళవించి, తెలుగుతనము తొణికిసలాడు శైలిని రూపొందించుకొనెను. గుజరాతు, కాఠియవాడ ప్రాంతములలో సంచరించి, ప్రజల జీవనమును పరిశీలించి పెక్కు చిత్రములు రచించెను. 1922లో కలకత్తాయందు జరిగిన ప్రదర్శనమున ఆయన ఋతుసంహార చిత్రము వైస్రాయి బహుమానమును పొందెను.

మహానగరమున చిత్రకారునకు ధనమును కీర్తియు లభించుటకు అవకాశములు ఎక్కువ. ఐనను రామారావు స్వస్థలమునకే మరలివచ్చెను. ఒక గురువు చేయూతనిచ్చుటచేతనే తన ప్రజ్ఞ వికసించినదని ఆయన ఎరుగును. అట్టి చేయూత లేక ఎందరు బాలుర నేర్పు మొగ్గలోనే వాడిపోవుచున్నదో కదా! అందుచేత ఆయన రాజమహేంద్రవరమున చిత్రకళాశాలను నెలకొల్పి, ఆసక్తి గల యువకులకు తన విద్యను పంచిపెట్టెను. వరదా వేంకటరత్నము ఆయనకు మిత్రుడై తోడ్పడెను. ఆయన సోదరి బుచ్చికృష్ణమ్మ, భార్య సత్యవాణి కూడ కుంచె పట్టి చిత్రములు రచించిరి. స్త్రీలకు అక్షరాభ్యాసమే అరుదైన ఆ దినములలో ఇది గొప్ప విశేషము.

కాని, విధి ప్రతికూలించెను. 1925వ సంవత్సరము ఫిబ్రవరి 6వ తేదీన మశూచి వ్యాధిచే రామారావు పరమపదించెను. అప్పటికి ఆయన వయస్సు 28 సంవత్సరములైనను నిండలేదు. ఆ మహమ్మారి లోకమునుండి పూర్తిగ నిర్మూలమైనట్లు 1980లో ప్రకటింపబడినది. ఆ కాలమున మాత్రము దాని వాతబడినవారు లెక్కకు మిక్కిలి.

గురువు మరణించినను ఆయన వెలిగించిన దీపము ఆరిపోలేదు. వరదా వేంకటరత్నము చిత్రకళాశాలను కొనసాగించి పెక్కుమంది శిష్యులను తీర్చిదిద్దెను. రామారావు చిత్రములు రాజమహేంద్రవరమున ఆయన పేరిట వెలసిన చిత్రశాలలో భద్రపరుపబడినవి. సహాధ్యాయియైన అడివి బాపిరాజు పిదప బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలకు అధ్యక్షుడయ్యెను. 1910లో స్థాపితమైన ఆ విద్యాలయమున పుస్తకవిద్యతోపాటు చేతిపనులకును చిత్రలేఖనమునకును స్థానముండెను.

చిత్రలేఖనము నేర్చిన ప్రతిబాలుడును రామారావు కాజాలడు, కానక్కరయును లేదు. ఆకును గీయదలచినవాడు ముందుగ ఆకును చక్కగ చూడవలెను. దాని ఈనెలను, అంచులను, రంగుల భేదమును గమనింపవలెను. ఇట్లు కళాభ్యాసము చూపునకు నిశితత్వమును, చేతికి నిలకడను, మనస్సునకు ఓర్పును ప్రసాదించును. ఈ గుణములు గణితమునకును, విజ్ఞానశాస్త్రమునకును, సకల వృత్తులకును ఉపకరించునవియే. కావున పాఠశాలలో కళలకు స్థానము కల్పించుట విలాసము కాదు, విద్యలో భాగమే. తన స్వల్పజీవితమున సగము నేర్చుకొనుటకును, మిగిలినది సృష్టించుటకును నేర్పుటకును వినియోగించిన దామెర్ల రామారావు చరిత్రము ఈ సత్యమునకు నిదర్శనము.