ఎల్లాప్రగడ సుబ్బారావు

నేటి పశ్చిమ గోదావరి జిల్లాలోని భీమవరమున 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన ఎల్లాప్రగడ సుబ్బారావు జన్మించెను. తండ్రి జగన్నాథము, తల్లి వెంకమ్మ. తండ్రి అనారోగ్యముచే ఉద్యోగమును వీడవలసివచ్చినందున బాల్యమందే సుబ్బారావు పేదరికము నెరిగెను. మెట్రిక్యులేషన్ పరీక్షయందు రెండుమారులు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ హైస్కూలు నుండి కృతార్థుడయ్యెను.

తరువాత ఆయన మద్రాసు వైద్య కళాశాలలో చేరెను. గాంధీమహాత్ముని పిలుపు ననుసరించి ఖద్దరు దుస్తులు ధరించుటచే శస్త్రవైద్యాచార్యుని ఆగ్రహమునకు గురియయ్యెను. చదువు ముగిసినపుడు ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా తక్కువదియైన ఎల్.ఎం.ఎస్. పట్టము మాత్రమే లభించెను.

ఇంతకంటె పెద్ద దుఃఖ మాయన నెదుర్కొనెను. సంగ్రహణిని పోలిన స్ప్రూ అను వ్యాధిచే సోదరు లిరువురు కొద్ది దినముల వ్యవధిలో మరణించిరి. ఆ వ్యాధియందు పేగులు ఆహారసారమును గ్రహింపజాలవు, రక్తము క్షీణించును. దానికి మందు కనుగొనవలెనను కోరిక ఆయన హృదయమున నాటుకొనెను.

1922వ సంవత్సరము అక్టోబరులో సుబ్బారావు అమెరికాలోని బోస్టను నగరము చేరెను. హార్వర్డు విశ్వవిద్యాలయమున మలేరియా మొదలగు ఉష్ణదేశ వ్యాధులను గూర్చి చదివెను. పొట్టపోసికొనుటకై రాత్రులందు ఆసుపత్రిలో రోగుల మలమూత్రపాత్రలను శుభ్రపరచెను. అట్టి పని చేయుట కాయన సిగ్గుపడలేదు. పిమ్మట ఫిస్కె అను ఆచార్యునితో కూడి రక్తమందలి భాస్వరమును కొలుచు విధానమును 1925లో ప్రకటించెను. కండరములకు శక్తి నొసగు ఏ.టి.పి. అను పదార్థమును వారిరువురు 1929లో వెల్లడించిరి.

1940లో ఆయన లెడర్లీ ఔషధ పరిశోధనశాలలో చేరెను. ఫోలిక్ ఆమ్లమను పోషకపదార్థమున కా పేరు ఆకు అను అర్థముగల లాటిన్ పదమునుండి వచ్చినది. 1941లో శాస్త్రజ్ఞులు దానిని పాలకూరనుండి తీసి యట్లు పేరిడిరి. సుబ్బారావు బృందము 1945లో దానిని కృత్రిమముగా తయారుచేసెను. అది స్ప్రూ రోగుల రక్తమును బాగుచేయునని తేలెను. అన్నదమ్ములను కబళించిన వ్యాధికి చికిత్స దొరకెను.

అంతటితో కథ ముగియలేదు. కణములు వృద్ధిపొందుటకు ఫోలిక్ ఆమ్లము ఆవశ్యకము. క్యాన్సరు కణములును దానినే కోరును. అసలు తాళపుచెవిని పోలిన నకిలీ చెవి తాళములో ఇరుకుకొన్నచో తలుపు తెరువబడదు. అట్లే ఫోలిక్ ఆమ్లమును పోలిన నకిలీ పదార్థములను సుబ్బారావు బృందము సృష్టించెను. వానిలో అమినోప్టెరిన్ అనుదానిని బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సరుగల 16 మంది బాలబాలికల కొసగగా, 10 మందికి కొంతకాలము గుణము కనిపించెను. ఆ ఫలితము 1948లో ప్రకటింపబడెను. అదే కోవకు చెందిన మెథోట్రెక్సేట్ నేటికిని క్యాన్సరు చికిత్సలో వాడబడుచున్నది.

ఈ మార్గమే మలేరియాకును వర్తించినది. మలేరియా క్రిమికి గూడ ఫోలిక్ ఆమ్ల సంబంధమైన పదార్థము అవసరము; పిరిమెథమిన్ అను మందు దాని వినియోగమునకు అడ్డుపడును. మన మాచిపత్రికి చుట్టమైన ఒక మొక్కనుండి 1972లో చైనా శాస్త్రజ్ఞులు వేరుపరచిన ఆర్టెమిసినిన్ అను మలేరియా మందు ప్రయోగశాలలో క్యాన్సరు కణములను సైతము చంపినది. కాని అది రోగులకు ఎంతవరకు ఉపకరించునో ఇంకను పరీక్షింపవలసి యున్నది. పరీక్షకు నిలువనిదే ఏ మందును రోగికి ఈయరాదు.

సుబ్బారావు 1948వ సంవత్సరము ఆగస్టులో న్యూయార్కు ప్రాంతమున తన 53వ ఏట కన్నుమూసెను. ఆయన అమెరికా పౌరసత్వమును గైకొనలేదు. మాతృదేశమును మరల చూడనులేదు. 1995లో భారత ప్రభుత్వము ఆయన చిత్రముతో తపాలాబిళ్ల నొకటి వెలువరించెను.

విద్యార్థులారా! పరీక్షలో రెండుమారులు తప్పినవాడే ఎందరో బిడ్డల ప్రాణములు నిలుపు మార్గమును చూపెను. ఓటమి వచ్చినపుడు పని విడువక సాగించుటయే ఆయన జీవితము మనకు నేర్పు పాఠము.